పేరులోనే పొగ

స్వాతి కార్తె, సోమవారం

ఈ దినచర్య పుస్తకం మేఘ మండలి వారిది. అందులో "పొగమంచు వచ్చినదా?" అని ఒక గడి ఉంది. "ఎంత తెల్లగా ఉన్నది?" అని ఇంకో గడి ఉంది. నీళ్ళు వచ్చాయా అని అడిగే గడి మాత్రం లేదు. నీళ్ళ కోసమే కట్టిన వలల దగ్గర నీళ్ళ సంగతి ఎవరికీ అక్కర్లేదు. అందుకే అడుగున మిగిలిన ఖాళీలో నా ఇష్టం వచ్చింది రాస్తున్నాను. చదివేవాడికి ఒళ్ళు మండితే మండనీ. నాకు మండడం మొదలై చాలా రోజులైంది.

ఈ రోజు మంచు వచ్చింది. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించనంత తెల్లగా వచ్చింది. వలల కింద నీళ్ళు పట్టే దోనె మాత్రం పొడిగా ఉంది.

మా తెల్లగుట్టలో వానలు మానేసి ఒక తరం దాటింది. మబ్బులు వస్తాయి, పోతాయి, కురవవు. ఊరు బతికేది కొండకొమ్మున గాలికి అడ్డంగా కట్టిన వలల మీద. తెల్లారేసరికి లోయలోంచి మంచు పైకి లేస్తుంది. ఊరి మీదుగా నడిచివచ్చి వలల్లోంచి పోతుంది. పోతూ పోతూ పోగులకు తగిలిన చుక్కలు జారి దోనెలో పడతాయి, దోనెలోంచి ఊరి తొట్టికి చేరతాయి. అవి చాలనప్పుడు మండలి ట్యాంకరు వచ్చి తొట్టిలో నీళ్ళు పోస్తుంది. ఆ వలలు చూసుకునేది నేను. మండలి కాగితాల్లో పి. తిరుపాలమ్మ, పర్యవేక్షకురాలు. ఊరికి వలలక్కను.

తొట్టిలో మొదటి వాటా ఆస్పత్రిది. నా తమ్ముడు ఓబులేసుకు రెండు కిడ్నీలూ పోయాయి. ఆస్పత్రిలోని యంత్రం వారానికి మూడుసార్లు వాడి నెత్తురు కడుగుతుంది. ఒక్కసారి కడగడానికి నాలుగిళ్ళవాళ్ళు వారమంతా తాగే నీళ్ళు పడతాయి. తొట్టి ఎండితే ఊరికి దాహం వేస్తుంది, వాడికి ప్రాణం పోతుంది. నేను తొట్టిలోకి తొంగి చూసినప్పుడల్లా నాకు కనిపించేది ఇదే.

స్వాతి కార్తె, గురువారం

గాజు పలకకు ఆముదం రాసి, మంచులో కాసేపు పట్టుకుని, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఆముదంలో పడిన చుక్క చెదరకుండా నిలబడుతుంది. పోయిన ఏడాది ఇదే కార్తెలో ఆ చుక్కలు రాగి గింజల్లా కనిపించాయి. ఇప్పుడు పిండి చల్లినట్టుంది. లెక్కకు అందనన్ని చుక్కలు, అన్నీ సన్నవే.

ఇది అర్థం కావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. గాలిలోని ఆవిరి తనంతట తాను చుక్క కాలేదు. కూర్చోవడానికి దానికో నలుసు కావాలి. దుమ్మో, ఉప్పో, పొగో ఏదో ఒకటి. నలుసులు కొన్నే ఉంటే ఒక్కోదాని మీద ఆవిరి బాగా చేరి చుక్క లావవుతుంది. నలుసులు కోట్లలో ఉంటే ఉన్న ఆవిరినే అన్నీ పంచుకోవాలి. ముంతెడు మజ్జిగ ఇంటిల్లిపాదికీ పోయవచ్చు గాని, ఊరంతటికీ పోస్తే ఎవరి పెదవీ తడవదు. లావు చుక్క గాలితో పాటు దూసుకొచ్చి, పోగు ఎదురైతే పక్కకు తిరగలేక దాన్ని గుద్దుకుని అంటుకుంటుంది. సన్న చుక్క గాలి ఎటు తిరిగితే అటే తిరిగి పోగు పక్కనుంచి జారుకుంటుంది. వాన సంగతీ అంతే. లావు చుక్క దిగుతూ సన్నవాటిని కలుపుకుంటేనే చినుకు. అన్నీ సన్నవే అయితే ఏదీ దేన్నీ కలుపుకోదు, మబ్బు మబ్బుగానే వెళ్ళిపోతుంది.

ఇంకో సంగతి. చుక్కలు సన్నబడి ఎక్కువైన కొద్దీ మంచు తెల్లబడుతుంది. అంటే మండలి వాళ్ళ గడిలో ఎంత తెలుపు రాస్తే మా దోనెలో అంత కరువు.

ఇన్ని నలుసులు ఎక్కడివా అని కొండ దిగి ఊళ్ళోకి నడిచాను. ప్రతి గడపలోనూ పొగ లేస్తోంది.

విశాఖ కార్తె, ఆదివారం

ఇదెలా మొదలైందో రాయాలి. రాయకపోతే నిద్ర పట్టదు.

మా కొండ మీద ఎప్పుడూ దీన్ని మంచు అనే అన్నారు. "పొగమంచు" అన్న మాట మండలి వాళ్ళ బోర్డులతో వచ్చింది. "పొగమంచే మన ప్రాణం" అని ఊరి మొదట్లో మనిషి ఎత్తు అక్షరాలు రాయించారు. అది చదివి చదివి మావాళ్ళకు ఒక ఆలోచన పుట్టింది. బాలింతకు తలంటి పోశాక సాంబ్రాణి పొగ వేస్తాం గదా, మంచు కూడా నీళ్ళను కనే తల్లే గదా, దానికీ వేద్దాం అనుకున్నారు. మొదట రెండు మూడిళ్ళలో వేశారు. ఆ వారం మంచు బాగా పడింది. ఇక చెప్పేదేముంది. మండలి వాళ్ళ చెవిన పడితే వద్దనాల్సింది పోయి, ధూపం బిళ్ళలు అచ్చు పోయించి ఇంటింటికీ ఊరికే పంచారు. డబ్బా మీద నవ్వుతున్న మబ్బు బొమ్మ కూడా వేయించారు. ఆ బొమ్మ చూస్తే నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఊరి పెద్ద హుసేనప్ప దగ్గరికి పోయి పొగ ఆపించమన్నాను. ఆయన మంచివాడు. మంచివాళ్ళతో వాదించడం మహా కష్టం. నేను చెప్పినదంతా తల ఊపుతూ విని, చివరికి జాలిగా నవ్వాడు.

"పేరులోనే పొగ ఉండాది గదమ్మా. పొగ లేకుండా పొగమంచు యాడనుంచి వస్తాది?"

ఆ పేరు పెట్టింది మనం కాదు, ఆఫీసులో కూర్చున్న ఎవడో అన్నాను. ఆఫీసువాళ్ళు ఊరికే పెడతారా అన్నాడు.

పలక చూపిస్తేనన్నా నమ్ముతారేమోనని సూక్ష్మదర్శిని ఊళ్ళోకి మోసుకొచ్చాను. మొదట చూసింది ఓబులేసు భార్య సుంకమ్మ. పోయినేడు నేను తీసిపెట్టుకున్న చుక్కల బొమ్మ చూసింది, ఈ ఏటి పలక చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది. పోయినేడు ఇన్ని చుక్కలు లేవు గదా వదినా, ఇప్పుడు ఎన్నున్నాయో అంటూ అందరినీ పిలిచి చూపించింది. నా సాక్ష్యం నాకే ఎదురు తిరిగింది. ఆ సాయంత్రం ఇంకో నాలుగు డబ్బాలు విప్పారు.

విశాఖ కార్తె, బుధవారం

మండలి అధికారి శశికిరణ్ తెర మీద కనిపించాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. మర్యాదకు లోటు లేకుండా గొంతు కోసే రకం.

ఉపగ్రహం పైనుంచి తీసిన చిత్రాల్లో మా మంచు మెరిసిపోతోందట. అందుకు నాకు అభినందనలు చెప్పాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటికి తీశాడు.

"ఇంత మంచు ఉన్న ఊరికి ట్యాంకరు ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారు మేడమ్. వచ్చే వారం నుంచి ఆపేస్తున్నాం."

తెల్లగా ఉంటే నీళ్ళున్నట్టు కాదని, చుక్క సన్నబడిందని, తొట్టి అడుగు కనిపిస్తోందని చెప్పాను. బొమ్మలు పంపాను. ఇప్పుడున్న వలలు లావు పోగులవి, సన్న చుక్క వాటికి దొరకదు, సన్న తీగ వలలు పంపండి, కనీసం సగమన్నా దక్కుతుంది అన్నాను. వచ్చే ఏటి ప్రణాళికలో పెడతానన్నాడు. పోనీ ఆ ధూపం బిళ్ళలు పంచడం ఆపండి అన్నాను. అవి ప్రజలే అడిగారట. ప్రజల నమ్మకాన్ని కాదనే హక్కు మనకు లేదట.

ట్యాంకరు కూడా ప్రజలే అడిగారు. దాన్ని కాదనే హక్కు ఎక్కడనుంచి వచ్చిందో ఆ మహానుభావుడు చెప్పలేదు.

అనూరాధ కార్తె, శుక్రవారం

నేను కాళ్ళావేళ్ళా పడితే హుసేనప్ప ఒక్కరోజు పొగ ఆపడానికి ఒప్పుకున్నాడు. టముకు వేయించాడు. నిజంగానే ఎవరూ వేయలేదు. నేను ఇల్లిల్లూ తిరిగి చూశాను.

ఆ ఒక్కరోజే ఉత్తరపు గాలి తిరిగింది. పొడిగాలి, ఎముకలు కొరికే చలి. లోయలోంచి మంచే లేవలేదు. ఆకాశం అద్దంలా ఉంది. కొండ మీద నిలబడి నేను ఆ గాలిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఊళ్ళోకి దిగేసరికి అందరూ వీధిలో ఉన్నారు. ఎవరూ నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. పొగ ఆపితే మంచు అలిగిందన్నారు. మర్నాటినుంచి అలక తీర్చడానికి ఒక బిళ్ళ వేసే ఇంట్లో మూడు వేస్తున్నారు. గాలి మళ్ళీ దక్షిణానికి తిరిగింది, మంచు మళ్ళీ వచ్చింది, ఇంకా తెల్లగా, ఇంకా ఉత్తిగా. ఇక నేను ఏం చెప్పినా వినేవాడు లేడు.

జ్యేష్ఠ కార్తె, మంగళవారం

ట్యాంకరు ఆగింది. ఓబులేసుకు యంత్రం వారానికి ఒక్కసారే. కాళ్ళు వాచాయి. మెట్టు ఎక్కితే ఆయాసం. కింది పట్నం ఆస్పత్రికి రాస్తే, మీ ఊళ్ళోనే యంత్రం ఉంది గదా, ఇక్కడ ఖాళీ లేదు అని జవాబు వచ్చింది. యంత్రం ఉంది. నిజమే. మెరుస్తూ ఉంది.

ఊరు చెడ్డది కాదు. అది కూడా రాయాలి. హుసేనప్ప తన ఇంటి బిందెలు మోసుకొచ్చి ఆస్పత్రి డ్రమ్ములో పోశాడు. ముసలివాళ్ళు సైతం తాగే నీళ్ళలో సగం తెచ్చి పోశారు. అలా పోసి, ఇంటికి పోయి, మా తమ్ముడి పేరు చెప్పి ధూపం వేశారు. చేత్తో పోసినదానికి వెయ్యింతలు పొగతో తోలేస్తున్నారు. ఇంత మంచి మనుషులను పట్టుకుని ఎవరిని కొట్టను?

ఈ ఉదయం సుంకమ్మ గడపలోకి పోయాను. ఆమె మూకుడు నిండా నిప్పులు పోసి బిళ్ళ మీద బిళ్ళ వేస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది పొగకో ఏడుపుకో తెలియలేదు. ఆపమన్నాను. ఆపలేదు. నీ మొగుడు నీళ్ళు లేక పోతున్నాడు, ఆ నీళ్ళను నువ్వే తరిమేస్తున్నావు అన్నాను. ఆమె తల ఎత్తకుండా ఇంకో బిళ్ళ వేసింది. కాలితో తన్నాను. మూకుడు పగిలి నిప్పులు వాకిలంతా చెదిరాయి.

"నీ తమ్ముడు బతకాలని నీకు లేదా వదినా?"

అంత మాట అన్నది. నేను పెంచిన తమ్ముడు. అమ్మ పోయినప్పుడు వాడు పాకుతున్నాడు. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

జ్యేష్ఠ కార్తె, శనివారం

సుంకమ్మ నీళ్ళ వరసలో ఉన్నప్పుడు చూసి ఆస్పత్రికి పోయాను. ఓబులేసు మంచం మీద కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. అలికిడికి కళ్ళు తెరిచి, నన్ను చూసి నవ్వాడు. మూకుడు తన్నిన సంగతి తెలిసిందన్నాడు.

"అక్కా, దాన్ని తిట్టాకు. పొగతో నీళ్ళు రావని నువ్వు చెప్తే నేను నమ్మకుండా ఉంటానా? కానీ ఆ పొగ గూడా లేకపోతే అది పొద్దస్తమానం నా పక్కన కూచోని, నా కాళ్ళ వాపు చూసుకుంటా ఉండాల. ఏదో ఒకటి చేస్తాండాననుకోనీ."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దాని మనసు కోసం నువ్వు చస్తావా అని అడిగాను. నీ ఒక్క మాటకు అది ఆపుతుంది, నీ కోసం ఊరంతా ఆపుతుంది, ఆ మాట చెప్పు అన్నాను. చెప్తే, ఇన్నాళ్ళూ తానే చేసిందని దానికి తెలిసిపోతుంది గదా అన్నాడు. నేను పోయినాక అది బతకాల గదా అన్నాడు. ఆ తర్వాత మాట్లాడే ఓపిక లేక కళ్ళు మూసుకున్నాడు.

మరి నేను? నేను బతకొద్దా? ఆ మాట అడగలేదు. తలుపు గట్టిగా వేసి వచ్చాను.

మూల కార్తె, శనివారం

ఓబులేసు ఈ మధ్యాహ్నం పోయాడు. యంత్రం పక్కనే ఉంది. అందులో పోయడానికి నీళ్ళు లేవు.

గడి నింపాలి కాబట్టి నింపుతున్నాను. ఈ ఉదయం పొగమంచు వచ్చినది. మిక్కిలి తెల్లగా ఉన్నది.

మూల కార్తె, ఆదివారం

ఊళ్ళో శవం ఉండగా మావాళ్ళు నిప్పు రాజేయరు. వంట కరెంటు పలకల మీదికి మారి ఎన్నేళ్ళయినా ఆ పద్ధతి పోలేదు. పలకలూ ఆపేస్తారు. బాలింతకు వేసే సాంబ్రాణి చావు రోజున అసలే వేయరు. కింది ఊళ్ళనుంచి చుట్టాలు రావాలని ఓబులేసును ఈ రోజు దాకా ఉంచాం. తలాపున పెట్టిన దీపం తప్ప తెల్లగుట్టలో నిన్నటినుంచి ఎక్కడా నిప్పు లేదు.

తెల్లారుతూనే కొండ మీదికి పోయాను. ఇంట్లో కూర్చోలేక పోయాను, అంతే. మంచు వచ్చింది. ఇదేం మంచు అనిపించేంత పలచగా ఉంది. అందులోంచి ఎదుటి కొండ కనిపిస్తోంది. కానీ చెంపలకు చుక్కలు తగులుతున్నాయి. ఒక్కొక్కటీ తెలుస్తోంది. వలల దగ్గరికి పోయేసరికి ప్రతి పోగూ నీళ్ళు కట్టి వేలాడుతోంది. దోనె పారుతోంది. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో.

గాజు పలక పెట్టి చూడలేదు. చూడాల్సిన పనేముంది? రెండు నెలలు కాళ్ళు పట్టుకున్నా నాకు దక్కని రోజును, మంచు ఉండి నిప్పు లేని రోజును, నా తమ్ముడు చచ్చి ఇప్పించాడు. వాడిని బతికించే నీళ్ళు వాడు చచ్చినందుకు వచ్చాయి. నేను వలను రెండు చేతులా పట్టుకుని అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు.

చప్పుడు విని ఊరు పైకి వచ్చింది. హుసేనప్ప దోనెలో చెయ్యి పెట్టి కళ్ళకద్దుకున్నాడు. ఓబులేసే పైకి పోయి పంపించాడన్నాడు. అందరూ చేతులు జోడించారు. నాకు వాళ్ళ జోడించిన చేతులు విరగ్గొట్టాలనిపించింది.

స్నానం చేయించడానికి నీళ్ళు కావాలని సుంకమ్మ బిందె తీసుకుని వచ్చింది. దోనె కింద పెట్టింది. తలెత్తి ఊరి వైపు చూసింది. పైనుంచి ఇంటి కప్పులన్నీ కనిపిస్తున్నాయి, ఒక్కదాని మీదా పొగ లేదు. చాలాసేపు అటే చూసింది.

"నువ్వు చెప్పింది ఇదేనా వదినా?"

ఆ ప్రశ్న కోసం నేను రెండు నెలలు కాచుకున్నాను. వచ్చిన రోజు మొహాన కొట్టినట్టు చెప్పాలనుకున్న మాటలు బోలెడున్నాయి. ఓబులేసు ఏం కోరాడో నాకు తెలుసు. కాదు అంటే చాలు. కానీ రేపు మళ్ళీ పొగ లేస్తుంది, ఇంకో ఇంట్లో ఇంకొకరు పోతారు.

అవును అన్నాను.

ఆమె ఏడవలేదు. బిందె నిండి పొర్లిపోతోంది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని పక్కకు జరపలేదు.

మూల కార్తె, బుధవారం

ఓబులేసును సాగనంపిన మర్నాడే ఊరు మళ్ళీ పొగ వేసింది. నీళ్ళు పంపినందుకు వాడికి మొక్కు చెల్లించడానికట. దోనె మళ్ళీ ఎండింది. హుసేనప్ప వచ్చి, మొక్కు చాలలేదేమో అన్నాడు. ఆయన మొహం మీదే తలుపు వేశాను.

ఈ రోజు మండలి బండి వచ్చింది. ఆదివారం మా మంచు తెల్లదనం హఠాత్తుగా పడిపోయిందట. నీళ్ళు పారిన ఒక్క రోజు వాళ్ళ లెక్కలో తప్పిన రోజు. కారణం రాసి పంపమని ఒక కాగితం ఇచ్చారు. అదనంగా ధూపం బిళ్ళలు పంపారు, పది ఇళ్ళకు ఒక పెట్టె చొప్పున. సంతాపం కూడా ఆ కాగితంలోనే, చివరి వరుసలో.

పెట్టెలు దించుతుండగా సుంకమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చింది. మైల తీరలేదు. ఇలాంటప్పుడు ఆమె ఒకరి వాకిలి తొక్కకూడదు, ఒకరికి ఎదురు రాకూడదు. అది తెలిసే వచ్చింది. మొదటి ఇంటి ముందు నిలబడి పిలిచింది. వాళ్ళు బయటికి రాగానే, గొంతు పెంచకుండా చెప్పింది.

"మా ఇంటాయనకు పొగ బెట్టి పంపింది నేనే. మీరు ఎవరికి బెడతాండారు?"

వాళ్ళు ఆమెను చూశారు, మూకుట్లో లేస్తున్న పొగను చూశారు. ఆమె కదల్లేదు. ఆ ఇంటావిడ పిడికెడు మన్ను తెచ్చి నిప్పుల మీద పోసింది. సుంకమ్మ తర్వాతి ఇంటికి నడిచింది. అక్కడా అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా. హుసేనప్ప తన వాకిట్లో తల దించుకుని నిలబడ్డాడు. ఆమె అడగకముందే మూకుడు ఆర్పేశాడు.

నేను ఆమె వెనకాలే నడుస్తున్నాను. ఆ మాట చెప్పాల్సింది ఆమె కాదు. ఆ పేరు పెట్టినవాళ్ళు, ఆ బిళ్ళలు పంచినవాళ్ళు, తెలుపు చూసి ట్యాంకరు ఆపినవాళ్ళు రావాలి. గడప గడపకూ వచ్చి, మేమే చేశాం అని చెప్పాలి. వాళ్ళెవరూ రారు. మొగుడు పోయి నాలుగు రోజులు కాని మనిషి వాళ్ళ తప్పంతా నెత్తికెత్తుకుని వీధి వీధీ తిరుగుతోంది.

ఇక పట్టలేక చెయ్యి పట్టుకుని ఆపాను. నువ్వు కాదు సుంకమ్మా, నువ్వొక్కదానివే కాదు, ఈ ఊరికంతటికీ అది నేను చెప్తాను అన్నాను. ఆమె చెయ్యి విడిపించుకోలేదు. నా వైపు తిరిగి, తలుపు సందుల్లోంచి చూస్తున్నవాళ్ళకు వినపడకుండా మెల్లగా అన్నది.

"చేసింది నేను కాదంటే మళ్ళీ ఏస్తారు వదినా. ఊరుకో."

నేను ఊరుకున్నాను.